సెల్‌ఫోను కుంచం ఎవరి చేతిలో?

కూలి గింజలు కొలిచే రోజుల్లో గొడవంతా కుంచం దగ్గరే వచ్చేది. ఎన్ని కుంచాలన్నది తర్వాత, ఆ కుంచం ఎవరింటిది అన్నదే అసలు సంగతి. సెల్‌ఫోను మీద అమెరికా, చైనాల తగాదా కూడా అలాంటిదే.

ఏ ఫోనైనా ఏ టవరుతోనైనా మాట్లాడాలంటే అన్ని దేశాలకూ ఒకే పద్ధతి వుండాలి. దాన్నే ప్రమాణం అంటారు. అది ఖరారు చేసే సభల్లో కూర్చునేది ఎక్కువగా బడా కంపెనీల ఇంజనీర్లే. తమ పేటెంటు వున్న పద్ధతి అందులోకి ఎక్కిందా, ఇక ఫోను ఎవరు తయారుచేసినా వాళ్లకు కప్పం కట్టాల్సిందే. 2016 నవంబరులో అమెరికాలోని రీనో నగరంలో 5జీ కోసం జరిగిన పోటీ ఇదే. చివరికి ఒక భాగం క్వాల్‌కామ్ వైపు పద్ధతికి, ఇంకొక భాగం చైనా హువావే వైపు పద్ధతికి దక్కింది.

2019లో అమెరికా హువావేను నిషేధ జాబితాలో పెట్టింది. తీరా చూస్తే ఆ సభల్లో నోరు విప్పడానికి అమెరికా కంపెనీలే జంకాయి. పెత్తనం చేజారుతుందని భయపడి, 2020 జూన్‌లో ప్రమాణాల వరకూ హువావేతో మాట్లాడుకోవచ్చని అదే ప్రభుత్వం సడలించింది!

క్వాల్‌కామ్ దండుకోవడం మరీ మితిమీరిందని చైనా ప్రభుత్వం 2015లో 608.8 కోట్ల యువాన్ల జరిమానా వేసింది. మంచిపనే. అట్లాగని చైనా కంపెనీ ఊరికే ఇస్తుందా? 5జీ ఫోను ఒక్కింటికి 2.50 డాలర్ల దాకా వసూలు చేస్తామని 2021లో హువావే కూడా చాటింది. ఈ కప్పమంతా ఫోను ధరలో కలిసి మన నెత్తినే పడుద్ది.

ఫోను మనకెందుకులే అనడానికీ లేదు. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనిలో ఫోనుతో ఫొటో తీస్తేనే మస్తరు అన్నారు. సిగ్నలు అందక కూలీలు పడ్డ తిప్పలు మనకు తెలుసు.

నిజానికి పల్లెల అవసరాన్ని ఆ సభల ముందు పెట్టింది మన దేశమే. టవరుకూ టవరుకూ 6 కిలోమీటర్ల దూరం వున్నా 5జీ పనిచేయాలన్న షరతును అంతర్జాతీయ టెలికం సంఘం 2017లో ఒప్పుకుంది. మద్రాసు, హైదరాబాదు ఐఐటీల వాళ్లు అందుకు తగ్గ పద్ధతి కూడా తయారుచేశారు. పేరు 5జీఐ. దీనికి అడ్డొచ్చింది అమెరికా కాదు, చైనా కాదు, మన టెలిఫోను కంపెనీలే. వేరే ప్రమాణమైతే ఖర్చు పెరుగుద్దన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 2021 చివర్లో దాన్ని ప్రపంచ ప్రమాణంలోనే కలిపేశారు. కాగితం మీద చోటైతే దొరికింది. మన పల్లె టవర్లలో దాన్ని పెట్టాల్సింది మాత్రం ఆ కంపెనీలే.