మెరుపు చూసి మోసపోరాదు - తుక్కు ఇత్తడికి కళాయి ముఖ్యం

సాలూరు: సాలూరు పేరు చెప్పగానే ఎవరికైనా లారీలు గుర్తుకు వస్తాయి. లారీలున్న చోట పాత సామాన్ల కొట్లు ఉండడం సహజం. విరిగిన స్ప్రింగు పట్టీలు, చిల్లులు పడిన రేడియేటర్లు పోగుపడే ఇటువంటి కొట్లకే ఇళ్లలోని ఇత్తడి బిందెలు, గుండిగలు, చెంబులు కూడా చేరుతున్నాయి. ఒకప్పుడు ఆడపిల్లకు సారెగా పెట్టిన సామాను ఇది. స్టీలు, ప్లాస్టిక్కు వచ్చాక అటక ఎక్కింది. ఇప్పుడు అటక దిగి కాటాలో పడుతోంది.

కొట్లో కాటాకు బిందె అయినా ఒకటే, పగిలిన కొళాయి అయినా ఒకటే. రెండూ కిలోల లెక్కనే పోతాయి. గట్టిగా ఉన్న బిందెను కూడా సొట్టలు కొట్టి మూటకట్టి కరగడానికి పంపడం వల్ల ఎవరికీ పెద్దగా లాభం లేదు. అందువల్ల తుక్కులోంచి మంచి సామాను ఏరి తెచ్చి, శుభ్రం చేసి వాడుకునేవారిని మెచ్చుకోవలసిందే. అయితే పైకి మెరిసినంత మాత్రాన పాత్ర వంటకు పనికి వచ్చినట్లు కాదని గృహిణులు గ్రహించాలి.

మొదట సామానును గుర్తుపట్టాలి. అయస్కాంతం అంటుకుంటే అది ఇనుము మీద ఇత్తడి పూత. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసినది. కంచు అంటే రాగి, తగరం కలిసినది. వేలితో కొడితే కంచు ఖంగున మోగుతుంది, కింద పడితే పగులుతుంది. లారీల నుంచి వచ్చిన ఇత్తడి సంగతి వేరు. రేడియేటర్ల అతుకుల్లో సీసం కలిసిన టంకం ఉంటుంది. మరల మీద తరిగి చేసే ఇత్తడి సామానులో నూటికి సుమారు 3 పాళ్ల వరకు సీసం కలుపుతారు. దానిని ఎంత తోమినా వంటింట్లోకి రానివ్వకూడదు.

ఇక తోమడం. ముందు వేడి నీళ్లలో కుంకుడు రసం గాని, బూడిద గాని వేసి జిడ్డు, మసి వదిలించాలి. జిడ్డు పోకుండా చింతపండు రాస్తే శ్రమ దండగ. తర్వాత నానబెట్టిన చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి పట్టించి, పావుగంట ఆగి కొబ్బరి పీచుతో రుద్దాలి. పులుపు చిలుమును కరిగిస్తుంది, ఉప్పు దానికి తోడు పడుతుంది. సాలూరు ఏజెన్సీ కొండల్లో చింతపండుకు కొదవ లేదు. పాత పిక్కల చింతపండు అయినా ఈ పనికి సరిపోతుంది. వెంటనే మంచి నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. తడి ఆరనిస్తే మళ్లీ మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి పట్టిన చిలుము ఒక్క రోజులో పోదు. రెండు మూడు సార్లు చేయాలి.

ఈ ఓపిక లేక కొందరు యాసిడ్ పోస్తున్నారు. నిమిషంలో నలుపు పోయే మాట నిజమే. కాని యాసిడ్ ఇత్తడిలోని తుత్తునాగాన్ని తినేస్తుంది. పాత్ర మీద ఎర్రటి మచ్చలు తేలతాయి, లోహం గుల్లబారుతుంది. ఆ పొగ పీల్చిన వారికి దగ్గు, కళ్ల మంటలు తప్పవు.

అన్నిటికంటె ముఖ్యమైనది కళాయి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు, పులుసు, మజ్జిగ ఉంచితే కిలం ఎక్కుతుందని పెద్దలు చెప్పే మాటలో అతిశయం లేదు. పులుపుకు రాగి కరిగి ఆహారంలో కలుస్తుంది. తిన్నవారికి వాంతులు, కడుపునొప్పి వస్తాయి. పాత్రను వేడి చేసి, నవాసారం చల్లి, తగరం కరిగించి దూదితో లోపలంతా పూయడమే కళాయి. తగరం ఖరీదైనది గనుక సీసం కలిపేవారు లేకపోలేదు. సీసం కాగితం మీద గీస్తే నల్లటి గీత పడుతుంది. తగరం కడ్డీని వంచితే కిరకిరమంటుంది. కళాయి వేయించేవారు దగ్గర ఉండి చూసుకోవడం మంచిది. కళాయి పడే దాకా ఆ బిందెను పూలకుండీగానో, బియ్యం పోసుకోవడానికో వాడుకోవచ్చు.

మరొక సంగతి. పాత బిందెల మెడ దగ్గర చుక్కలతో కొట్టిన పేర్లు ఉంటాయి. ఇచ్చినవారి పేరో, పుచ్చుకున్నవారి పేరో, ఊరి పేరో అది. ఇటుక పొడితోనో, మర చక్రంతోనో బలంగా రుద్దితే ఆ అక్షరాలు చెరిగిపోతాయి. ఒక ఇంటి జ్ఞాపకం దానితో పోతుంది. పోయిన సామానును సొంతదారు గుర్తుపట్టే ఆధారం కూడా పోతుంది. గుడి గంటలు, దీపపు కుందులు తుక్కుగా వస్తే కొట్టువారు కొనకుండా పోలీసులకు తెలపాలి. దొంగ సొత్తని తెలిసి కొనడం 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం.

స్టీలు తేలిక, కళాయి బాధ లేదు అనే వాదన కొట్టివేయదగినది కాదు. ప్రతి ఇంటా మళ్లీ ఇత్తడే ఉండాలని ఎవరూ అనరు. కాని ఉన్న మంచి సామాను తుక్కు ధరకు పోవడం నష్టమే. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి, కంచు ఇత్తడి పనికి పేరు పొందిన ఊరు. అక్కడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అటువంటి పనివారి చేత సాలూరు, పాచిపెంట, మక్కువ ప్రాంతాల యువకులకు, మహిళా సంఘాలకు కళాయి పని, సొట్టలు తీసే పని నేర్పిస్తే కొందరికి ఉపాధి దొరుకుతుంది. పార్వతీపురం మన్యం జిల్లా అధికారులు దీనిని ఆలోచించాలి. పాత సామాన్ల వర్తకులు కూడా పాత్రలను లారీ సామానుతో కలపకుండా వేరుగా ఉంచి అమ్మితే కొనేవారికి మేలు, వారికీ నాలుగు రూపాయలు ఎక్కువ.

ఇంట్లో పాత బిందెను కాటాకు వేయబోయే ముందు ఒక్కసారి తోమి చూడాలి. దాని మెడ మీద అమ్మమ్మ పేరు ఉండవచ్చు.