రెండో లైను పడకముందే: తిరుపతి–చిత్తూరు లోకల్ రైళ్ల కోసం విజ్ఞప్తి

తిరుపతి–పాకాల–కాట్పాడి మధ్య ఉన్న 104 కిలోమీటర్ల ఒంటి లైనును రూ. 1,332 కోట్ల అంచనా వ్యయంతో జంట లైనుగా మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 9న ఆమోదం తెలిపింది. ఈ పని వల్ల సుమారు 400 గ్రామాలకూ 14 లక్షల జనాభాకూ రైలు సౌకర్యం మెరుగవుతుందని ఆ సందర్భంలో ప్రభుత్వమే ప్రకటించింది. అయితే ఒక ఊరి పక్కన రెండో పట్టా పడినంత మాత్రాన ఆ ఊరికి రైలు వచ్చినట్టు కాదు. ఆ పట్టా మీద ఏ బండ్లు నడుస్తాయి, అవి ఏ వేళకు ఎక్కడ ఆగుతాయి అన్నదాన్ని బట్టే ఆ 400 గ్రామాలకు దక్కేదేమిటో తేలుతుంది. అందువల్ల రేణిగుంట నుంచి తిరుచానూరు, తిరుపతి, తిరుపతి వెస్ట్, చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు వరకు ఉదయం మొదలు రాత్రి వరకు నిర్ణీత వ్యవధిలో లోకల్ రైళ్లు నడపాలనీ, వాటికి కావలసిన ఏర్పాట్లన్నీ ఈ జంట లైను (డబ్లింగ్) నక్షాల్లోనే చేర్చాలనీ ఈ కరపత్రం కోరుతున్నది.

ఈ ప్రాంతపు రైలు మార్గాలు రెండు వేర్వేరు కంపెనీల అవసరాల కోసం పుట్టాయి. మద్రాసు నుంచి బొంబాయి వైపు సాగిన ప్రధాన మార్గాన్ని మద్రాస్ రైల్వే కంపెనీ 1862లో రేణిగుంట వరకు తెచ్చి, 1871 నాటికి రాయచూరు చేర్చింది. అది బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్ల ఎడం ఉన్న వెడల్పాటి మార్గం. విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల, పీలేరు, కదిరి మీదుగా ధర్మవరం వరకు 1891 ప్రాంతంలో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ వేసినది మీటర్ గేజ్. దాని ఎడం 1,000 మిల్లీమీటర్లే. పాకాల నుంచి తిరుపతి, రేణిగుంటల మీదుగా గూడూరు వైపు సాగిన శాఖా మార్గం కూడా మీటర్ గేజే కావడంతో, మద్రాసు నుంచో కడప నుంచో వచ్చిన యాత్రికులు రేణిగుంటలో పెద్దబండి దిగి చిన్నబండి ఎక్కి తిరుపతి చేరేవారు. మూడు దిక్కుల నుంచి బండ్లు కలిసే పాకాల ఆ రోజుల్లో రైలును నమ్ముకుని బతికిన ఊరు. చిన్న లైను బండ్లు నిదానంగా నడిచినా ప్రతి స్టేషనులోనూ ఆగేవి. దామలచెరువు మామిడికాయలకూ, పల్లెల నుంచి పట్టణాలకు వచ్చే కూరగాయలకూ, బడిపిల్లలకూ, కోర్టు పనుల మీద చిత్తూరు వెళ్లే రైతులకూ అవే ఆధారం.

గేజ్ మార్పిడితో ఈ మార్గాలు దేశంలోని మిగతా రైల్వేతో ఏకమయ్యాయి. పాకాల–ధర్మవరం భాగం 2010 నాటికి బ్రాడ్ గేజ్ అయ్యింది. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కాచిగూడ నుంచి చిత్తూరుకు వచ్చింది. తిరుపతికి పద్మావతి, నారాయణాద్రి, రాయలసీమ, కృష్ణా, సప్తగిరి వంటి బండ్లు ఉండగా, 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ కూడా మొదలయ్యింది. ఈ ప్రగతిని తక్కువచేసి చూడనక్కరలేదు. శ్రీవారి దర్శనానికి మామూలు రోజుల్లోనే 60 వేల నుంచి 80 వేల మంది వచ్చే క్షేత్రానికి దూరప్రాంత రైళ్లు ఎన్ని ఉన్నా సరిపోవు. కాని యాత్రికుడు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చే అతిథి కాగా, పాకాలలో ఉంటూ తిరుపతిలో చదివే విద్యార్థినికీ, చంద్రగిరిలో ఉంటూ రేణిగుంట ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి వెళ్లే కార్మికుడికీ ఆ ప్రయాణం రోజూ తప్పనిది. తిరుపతి రైల్వే విస్తరణలో అతిథికి దక్కిన ఆలోచనలో నాలుగో వంతైనా ఇక్కడే నివసించేవారికి దక్కలేదు.

దీనికి తిరుపతి వెస్ట్ స్టేషనే స్పష్టమైన నిదర్శనం. నేటి ప్రధాన స్టేషను ఒకప్పుడు తిరుపతి ఈస్ట్. అందుకే నగరం పడమటి వైపున, చంద్రగిరి దారిలో ఉన్న చిన్న స్టేషనుకు వెస్ట్ అన్న పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. రైల్వే లెక్కలో అది హాల్టు, అంటే బండ్లు దాటుకోవడానికి అదనపు లైను లేకుండా, ప్రయాణికులు ఎక్కి దిగడానికి మాత్రమే ఏర్పరచిన మజిలీ. దూరప్రాంత రైళ్లు అక్కడ ఆగవు. కాని గత డెబ్బై ఏళ్లలో నగరం పెరిగింది ఆ వైపునే. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, రుయా ఆసుపత్రి, స్విమ్స్, వెటర్నరీ కళాశాల అన్నీ నగరం పడమర, వాయవ్య భాగాల్లోనే ఉన్నాయి. చిత్తూరు వైపు నుంచి ఈ సంస్థలకు వచ్చేవారిని ప్రధాన స్టేషను దాకా తీసుకుపోయి దింపితే, వారు వచ్చిన దారినే ఆటోలో వెనక్కి పోవలసి వస్తుంది. రోగిని వెంటబెట్టుకుని వచ్చిన కుటుంబానికి ఈ అదనపు ప్రయాణం డబ్బు ఖర్చుతో పాటు అలసటను కూడా మిగులుస్తుంది. వెస్ట్ స్టేషనును బండ్లు దాటుకోవడానికి వీలిచ్చే లూప్ లైన్లతో, పూర్తి నిడివి ప్లాట్‌ఫారాలతో, టికెట్ కౌంటరుతో, వృద్ధులకు ర్యాంపుతో, ఎదుట బస్సులు ఆగే చోటుతో నిజమైన నగర స్టేషనుగా మార్చడం ఈ డబ్లింగ్ పనిలో అన్నిటికంటే ముందు రావలసిన అంశం.

ఇప్పుడున్న లోకల్ సౌకర్యం ఎందుకు చాలడం లేదో తెలుసుకోవాలంటే ఒంటి లైను పని తీరు తెలియాలి. ఒకే పట్టా మీద ఎదురెదురుగా బండ్లు నడిపేటప్పుడు, ఒక స్టేషను నుంచి పక్క స్టేషను వరకు ఉన్న భాగంలో ఒక బండి ఉండగా ఎదుటి బండిని అందులోకి వదలరు. అది లూప్ లైనులో నిలబడి ఎదురుచూడాలి. ప్రయాణికుల మాటల్లో చెప్పాలంటే బండిని క్రాసింగుకు పెట్టారు. ఎక్స్‌ప్రెస్ ఆలస్యమైనప్పుడల్లా ఆ భారమంతా ప్యాసింజరు బండి మీదే పడుతుంది, ఎందుకంటే ప్రాధాన్య క్రమంలో అది చివరిది. ఏ వేళకు చేరుతుందో తెలియని బండిని నమ్మి ఎవరూ ఉద్యోగం చేయలేరు; నమ్మనివారు బస్సుకో మోటారు సైకిలుకో మళ్లుతారు; తర్వాత ఆ బండిలో జనం లేరన్న లెక్క కాగితం మీదికి వస్తుంది. రెండో లైను ఈ చిక్కు ముడిని విప్పగలదు. విప్పి తీరుతుందని మాత్రం అనుకోరాదు, ఎందుకంటే బొగ్గు, సిమెంటు, ఖనిజాల రవాణా కూడా ఈ డబ్లింగుకు చెప్పిన కారణాల్లో ఒకటి. లోకల్ రైళ్లకు సమయాలు ముందే రాసిపెట్టకపోతే కొత్తగా దొరికిన చోటును సరకు బండ్లూ దూరపు బండ్లూ నింపేస్తాయి.

చిన్న ప్రయాణికుడి సౌకర్యం ఎంత సులువుగా జారిపోతుందో 2020 తర్వాతి అనుభవం చూపింది. కోవిడ్ కాలంలో దేశమంతటా ప్యాసింజరు బండ్లు ఆగిపోయాయి. తిరిగి మొదలైనప్పుడు చాలావాటికి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టడంతో పది రూపాయల కనీస టికెట్ ముప్పై రూపాయలైంది, పాత ఛార్జీ తిరిగి రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. ఆ నాలుగేళ్లలో రోడ్డుకు మళ్లిన పాలవాళ్లనూ పూలమ్మేవారినీ కూలీలనూ తిరిగి రైలెక్కించాలంటే ఛార్జీ తగ్గింపు ఒక్కటే చాలదు, వారి పనివేళలకు బండి ఉండాలి. సీజన్ టికెట్, అంటే నెలకోసారి డబ్బు కట్టి రోజూ తిరగడానికి ఇచ్చే పాసు, సాధారణంగా 150 కిలోమీటర్ల వరకు దొరుకుతుంది. తిరుపతి నుంచి కాట్పాడి దాకా ఉన్న దూరమంతా ఆ పరిధిలోనే ఉంది. రిజర్వేషన్ బోగీల్లో చెల్లని ఆ పాసును పట్టుకుని ఎక్కడానికి తగిన వేళల్లో బండ్లు లేనప్పుడు అది ఎందుకూ కొరగాదు.

లోకల్ రైలు మహానగరాలకే తగినదన్న అభిప్రాయాన్ని పక్కనున్న మార్గమే ఖండిస్తున్నది. మన పాకాల లైను వేసిన సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీయే 1931లో మద్రాసు బీచ్–తాంబరం మధ్య విద్యుత్ లోకల్ రైళ్లు మొదలుపెట్టింది. ఆనాటి తాంబరం మద్రాసుకు దూరంగా ఉన్న చిన్న ఊరు. రైలు వచ్చిన తర్వాతే దాని చుట్టూ నగరం పెరిగింది. నేడు చెన్నై సబర్బన్ బండ్లు అరక్కోణం దాటి తిరుత్తణి వరకు వస్తున్నాయి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోని తాలూకా. సరిహద్దు మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మేరకు సరిహద్దులు మారినప్పుడు అది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఒకే జిల్లాగా బతికిన ఊళ్లలో ఆ పక్కకు పోయినదానికి లోకల్ రైలు వచ్చి, అదే లైను మీద కొద్ది దూరంలో ఉన్న నగరి, పుత్తూరు ప్రజలు రోజుకు కొన్ని బండ్ల కోసం గడియారం చూసుకోవలసి రావడం న్యాయం కాదు.  నగరి మరమగ్గాల కార్మికులకు తిరుపతి వైపూ తిరుత్తణి వైపూ లోకల్ రైలు సమానంగా అవసరమే.

తెలుగు నేల మీద కూడా మార్గదర్శకం ఉంది. హైదరాబాద్–సికింద్రాబాద్ జంటనగరాల్లో 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్, అనగా బహుళ రవాణా సాధనాలను కలిపే పథకం, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ రైల్వే శాఖా చెరి సగం ఖర్చు భరించి చేపట్టినది. దాని కోసం కొత్త మార్గం వేయలేదు. ఉన్న లైన్ల మీదనే కొత్త స్టేషన్లు, ప్లాట్‌ఫారాలు, సిగ్నళ్లు సమకూర్చి లోకల్ రైళ్లు నడిపారు. అదే పథకం రెండో దశ నిధుల వాటాల దగ్గర ఏళ్ల తరబడి నలిగిందన్నది కూడా మరువరానిది. కనుక తిరుపతి–చిత్తూరు లోకల్ రైళ్ల కోసం రాష్ట్రమూ రైల్వే శాఖా చేసుకోవలసిన ఒప్పందంలో రాష్ట్రం ఎంత ఇవ్వాలి, ఏ విడతల్లో ఇవ్వాలి అన్నది మొదటి రోజే రాతలో ఉండాలి.

కావలసిన బండి కొత్తగా కనిపెట్టవలసినది కాదు. మెమూ అని అందరూ పిలిచే విద్యుత్ బండికి వేరే ఇంజను ఉండదు. మోటార్లు బోగీల్లోనే ఉండి, రెండు కొసల్లోనూ డ్రైవరు గదులు ఉంటాయి కనుక చివరి స్టేషనులో ఇంజను మార్చే పని లేకుండానే వెనక్కి తిరుగుతుంది, ఆగిన చోటి నుంచి త్వరగా వేగం అందుకుంటుంది. కాట్పాడి దాకా లైను విద్యుదీకరణ ఇప్పటికే జరిగింది. రేణిగుంట–తిరుపతి మధ్య పది కిలోమీటర్ల భాగం ఇప్పటికే జంట లైను. తిరుచానూరు స్టేషనును తిరుపతికి తోడు స్టేషనుగా తీర్చిదిద్దారు. కొన్ని దూరప్రాంత రైళ్లను అక్కడి నుంచే బయలుదేరదీస్తే ప్రధాన స్టేషనులో లోకల్‌కు ఒక ప్లాట్‌ఫారం మిగులుతుంది, తిరుచానూరులో జరిగే కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమీ తీర్థానికి వచ్చే లక్షల జనానికి రోడ్డు కాక మరో దారి దొరుకుతుంది. మిగిలిన పనుల్లో ముఖ్యమైనది ప్లాట్‌ఫారాల ఎత్తు. కోటాల, ముంగిలిపట్టు, పూతలపట్టు వంటి చిన్న స్టేషన్లలో సైతం 12 బోగీల మెమూకు చాలినంత, అంటే సుమారు 270 మీటర్ల నిడివి గల ఎత్తైన ప్లాట్‌ఫారం వేయాలి. గర్భిణులూ ముసలివారూ నేల మీద నుంచి బోగీలోకి పాకి ఎక్కవలసిన దుస్థితి కొత్త లైను మీద కూడా కొనసాగడానికి వీల్లేదు. పాకాలలో మెమూలను రాత్రి నిలిపి శుభ్రపరచడానికి లైన్లు వేస్తే తెల్లవారుజామున రెండు వైపులకూ బండి బయలుదేరుతుంది, ఆ ఊరికి పోయిన ప్రాముఖ్యం కొంతైనా తిరిగి వస్తుంది.

తొలి దశలో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో రేణిగుంట–చంద్రగిరి మధ్య అరగంటకొకటి, చిత్తూరు దాకా గంటకొకటి చొప్పున బండ్లు నడపడం డబ్లింగ్ పూర్తయిన లైనుకు మించిన భారం కాదు. వాటిలో కొన్నిటిని కాట్పాడికి పొడిగిస్తే రాయవేలూరు ఆసుపత్రికి పోయే చిత్తూరు జిల్లావాసులకు మేలు; మరికొన్నిటిని ఏర్పేడు మీదుగా శ్రీకాళహస్తికి పంపితే ఆ దారిలో ఉన్న, 2015లో ఏర్పడిన ఐఐటీ, ఐసర్ విద్యార్థులకూ ఉద్యోగులకూ నగరంతో రోజువారీ అనుబంధం ఏర్పడుతుంది.

మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కనుక లోకల్ రైలు అవసరం తగ్గిందన్న వాదన వినవస్తున్నది. ఆ పథకం మంచిదే. కాని బస్సులు పెరిగేది అదే రోడ్డు మీద; యాత్రికుల కార్లు, టూరిస్టు బస్సులు, లారీలతో నిండిన తిరుపతి కూడళ్లలో బస్సుకు వేరే దారి లేదు, రైలుకు ఉంది. స్టేషను దగ్గరకు చేర్చే బస్సు, అక్కడి నుంచి దూరం పోయే రైలు ఒకదానికొకటి తోడుగా నిలిచేలా ఆర్టీసీ వేళలు సర్దితే రెండూ నిండుగా నడుస్తాయి. లోకల్ రైళ్లు నష్టం తెస్తాయన్న అభ్యంతరానికి జవాబు రోడ్డు లెక్కలో ఉంది: రోడ్డు వెడల్పు చేయడానికీ వంతెనలు కట్టడానికీ పెట్టే ఖర్చును ఎవరూ నష్టం అనరు.

ఈ కోరిక నెరవేరాలంటే అది సరైన గుమ్మాలకు సరైన సమయంలో చేరాలి. పాకాల, చిత్తూరుల మార్గం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న గుంతకల్లు డివిజన్ ఆధీనంలో ఉంది. ఆ డివిజన్‌ను విశాఖపట్నం కేంద్రమైన దక్షిణ కోస్తా రైల్వే జోన్‌కు కేటాయించారు. కాట్పాడి దక్షిణ రైల్వేలో ఉంది. ఇన్ని కార్యాలయాల మధ్య నలిగిపోకుండా ఉండాలంటే తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థలు, లైను వెంట ఉన్న గ్రామ పంచాయతీలు, తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ వేర్వేరుగా తీర్మానాలు చేయాలి. విశ్వవిద్యాలయాలూ ఆసుపత్రులూ రేణిగుంట పరిశ్రమలూ తమ విద్యార్థులు, రోగులు, సిబ్బంది ఏయే ఊళ్ల నుంచి ఏయే వేళల్లో వస్తున్నారో లెక్కలు తీసి వాటికి జతచేయాలి, ఎందుకంటే రైల్వే టైంటేబుల్ వేసేవారిని కదిలించేది విన్నపం కంటే లెక్క. చిత్తూరు, తిరుపతి పార్లమెంటు సభ్యులు ఆ పత్రాలను డివిజనల్ రైల్వే వినియోగదారుల సంప్రదింపుల సంఘంలోనూ రైల్వే మంత్రిత్వ శాఖలోనూ ఉంచి, రాష్ట్ర ప్రభుత్వం చేత వాటా ఒప్పందం మీద సంతకం చేయించాలి. ఇదంతా స్టేషన్ల నక్షాలు ఖరారయ్యేలోపే జరగాలి. తిరుపతి వెస్ట్‌లో లూప్ లైనుకు వదలవలసిన స్థలంలో ఒకసారి గోడ లేచిందంటే, దాన్ని పడగొట్టి మళ్లీ కట్టడానికి అనుమతి కోసం మరో తరం తిరగవలసి వస్తుంది.