సాక్ష్యం లేని ఇల్లు లేదు



ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చిందంటే ఎవరు లేస్తారో మనందరికీ తెలుసు. వీసా వచ్చినవారు లేస్తారు. బోరులో నీళ్లు పడినవారు, ప్రమాదంలో ప్రాణం దక్కినవారు లేస్తారు. వారితో కలిసి మేమూ దేవుణ్ణి స్తుతిస్తాం. కానీ వెనక చాప మీద కూర్చునే అవ్వలను అడిగితే, "నాకేం సాక్ష్యం ఉంది అయ్యగారూ" అంటారు. ఈ మాట చాలా ఊళ్లలో విన్నాం. ఇది తప్పు మాట. అయితే తప్పు అవ్వలది కాదు, వారికి అలా నేర్పిన బోధది.

అద్భుతాల సభల పోస్టర్లు, సెల్‌ఫోన్‌లో రోజంతా మోగే ప్రసంగాలు ఒకటే చెబుతున్నాయి: దేవుడు పని చేస్తే ఊరంతా అదిరిపోవాలట! మరి ఏలీయా సంగతి చూడండి. కర్మెలు కొండ మీద ఆకాశం నుండి అగ్ని దిగింది. ఆ తర్వాతే ఆయన యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో చెట్టు కింద చావు కోరుకున్నాడు. అప్పుడు ఆయనను లేపి నడిపించినవి ఏమిటి? నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు, కాస్త నిద్ర. యాయీరు కుమార్తెను బ్రతికించిన ప్రభువు, వెంటనే ఆ పాపకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. మరణాన్ని గెలిచినవానికి ఒక పిల్ల ఆకలి చిన్న విషయంగా కనబడలేదు.

చిన్న మేలులు చూడమంటే కొందరు ఇంకో గోతిలో పడుతున్నారు. "మా పెళ్లి పందిరి తడవకూడదని దేవుడు వాన ఆపాడు" అంటారు. ఆ వాన లేకే పక్క చేలో వేరుశనగ ఎండిపోతోంది. ఆ రైతూ ప్రార్థన చేశాడు కదా! మంచివారికీ చెడ్డవారికీ ఒకటే ఎండ, ఒకటే వాన ఇచ్చే తండ్రిని మన ఇంటి పనివాడిగా చేసుకుంటామా? మన సౌకర్యాలన్నిటికీ దేవుని ముద్ర వేస్తూ పోతే, బిడ్డను పోగొట్టుకున్న తల్లి "నన్ను మాత్రం మరిచిపోయాడా" అని కుమిలిపోతుంది. మన సాక్ష్యం ఆమెకు శిక్ష కాకూడదు.

మరి దేవుని కాపుదలను ఎక్కడ గుర్తుపట్టాలి? చాలాసార్లు అది సాటి మనిషి చేతిలో ఉంటుంది. క్షయ జబ్బుకు మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకు దగ్గు తగ్గగానే "స్వస్థత వచ్చేసింది" అని మాత్రలు మానేసేవారున్నారు. దాన్ని విశ్వాసమని మెచ్చుకునే బోధకులూ ఉన్నారు. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టవచ్చు, ఆ మందులకు లొంగకుండా పోవచ్చు. ఇది ప్రాణంతో చెలగాటం. ఆ మాత్రలో, "ఈరోజు వేసుకున్నావా" అని ఎండలో నడిచొచ్చి అడిగే ఆశా కార్యకర్తలో దేవుని చెయ్యి చూడలేకపోతే, ఇంకెక్కడ చూస్తాం? ఆమె మన సంఘం మనిషి కాకపోవచ్చు. ఏలీయాను పోషించిన సారెపతు విధవరాలు కూడా ఇశ్రాయేలీయురాలు కాదు.

"అది ఆమె పని, ఇందులో దేవుడు చేసిందేముంది?" అంటారా? మన్నా దేవుడే కురిపించాడు. అయినా ఎవరో ఏరి, విసిరి, వండితేనే కడుపులు నిండాయి.

మన అమ్మలు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి, ప్రభువుకని తెస్తారు. మిజోరం సంఘాల స్త్రీలు 1910 నుండి ఇలాగే చేస్తూ వస్తున్నారు. ఆ పిడికెళ్లే కూడి అక్కడి సువార్త పనిని మోశాయి. సాక్ష్యం లేదంటున్న అవ్వల చేతుల్లోనే ఆ బియ్యం ఉంది.

అందుకే మా మనవి ఇది. రాత్రి పడుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈరోజు దేవుని మేలు ఎవరి చేత నాకు అందింది? నా చేత ఎవరికి అందింది? మొదటిదానికి జవాబు దొరికితే, ఆ మనిషి దగ్గరికి వెళ్లి కృతజ్ఞత చెప్పండి. రెండోదానికి దొరకకపోతే, తెల్లవారగానే పక్కింటి తలుపు తట్టండి. వచ్చే ఆదివారం ఆ సంగతులే చెప్పుకుందాం.

ప్రభువు మన కళ్లు తెరచును గాక. ఆమేన్.