పట్టా పేరు నుంచి సొంత పేరు దాకా

ధర్మపురి తాలూకా చెట్టికరైలో పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయి ఓటరుగా చేరాలంటే వయసు, నివాసం, పౌరసత్వం రుజువు చేసుకుంటే చాలు. ఇంట్లో ఎంత పొలం ఉందని గానీ, పెళ్లయిందా అని గానీ, ఎంతవరకు చదువుకుందని గానీ ఏ అధికారీ అడగడు. ఒకప్పుడు ఆడవాళ్ల ఓటును తేల్చినవి సరిగ్గా ఈ మూడు ప్రశ్నలే. 1920లలో పొలం గురించి అడిగారు, 1930లలో దానికి పెళ్లి, చదువు తోడయ్యాయి. 1950 తర్వాతే ఈ మూడూ పక్కకు పోయాయి.

1965 అక్టోబరు 2న విడి జిల్లా అయ్యేదాకా ధర్మపురి సేలం జిల్లాలో భాగం. సేలం మద్రాసు రాజధానిలోని జిల్లా. ఇటు సేలం, కోయంబత్తూరు, అటు గుంటూరు, గోదావరి జిల్లాలు అన్నీ ఒకే శాసన మండలి కింద ఉండేవి. అందుకే ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే ధర్మపురి కుటుంబాలదీ, కోస్తా ఆంధ్ర, రాయలసీమ కుటుంబాలదీ ఓటు విషయంలో చాలాకాలం ఒకే కథ. తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉండటం వల్ల అక్కడి కథ వేరు.

ఈ కథకు మొదలు 1917. ఆ ఏడాది మే నెలలో మద్రాసు అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. అనీ బిసెంట్, మార్గరెట్ కజిన్స్, డొరతీ జినరాజదాస దానికి ముందు నిలిచారు. మరుసటి ఏడాది నుంచి ఈ సంఘం ‘స్త్రీ ధర్మ’ అనే పత్రిక నడిపింది. ప్రధానంగా ఇంగ్లిషు పత్రికే అయినా తెలుగు, తమిళ వ్యాసాలకూ అందులో చోటుండేది. 1917 చివర్లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు రాజకీయ సంస్కరణల మీద అభిప్రాయాలు వినడానికి దేశమంతా తిరుగుతూ మద్రాసు వచ్చాడు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడతామని కజిన్స్ బృందం అనుమతి అడిగింది. రాజకీయ విషయాలయితేనే వింటామని జవాబు వచ్చింది. దాంతో విజ్ఞప్తిలో ఓటు హక్కును కూడా చేర్చారు. చదువు కోసం తలుపు తడితే ఓటు డిమాండు బయటికి వచ్చిందన్నమాట! డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళా ప్రతినిధులు మాంటేగును కలిశారు. ‘ప్రజలు’ అన్నప్పుడు అందులో స్త్రీలను కూడా లెక్కించాలని వారు కోరారు.

ఫలితం వెంటనే రాలేదు. ఓటు అర్హతలు తేల్చడానికి వేసిన సౌత్‌బరో కమిటీ భారతదేశపు సాంఘిక పరిస్థితుల్లో స్త్రీలకు ఓటు ఇవ్వడం తొందరపాటని తేల్చేసింది. 1919లో సరోజినీ నాయుడు, అనీ బిసెంట్, బొంబాయికి చెందిన హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠాన్ లండన్ వెళ్లి పార్లమెంటు కమిటీ ముందు వాదించారు. బ్రిటన్ స్త్రీలకే అప్పటికి ఓటు వచ్చి ఏడాది అయింది, అదీ ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకే. లండన్ పెద్దలు బరువు తమ నెత్తిన వేసుకోలేదు. ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలో వద్దో ఆయా రాష్ట్రాల శాసన మండళ్లే తీర్మానించుకోవచ్చని 1919 చట్టంలో రాసి ఊరుకున్నారు. మగవాళ్లు ఎన్నుకున్న మగవాళ్ల సభలు ఆ పని చేస్తాయని వారిలో చాలామంది అనుకుని ఉండరు.

మద్రాసు శాసన మండలి 1921 ఏప్రిల్ 1న ఆ పని చేసింది. ఓటుకు ఆడ, మగ తేడా ఉండరాదని తీర్మానం నెగ్గింది. బ్రిటిష్ ఏలుబడిలోని రాష్ట్రాల్లో ఇదే మొదటిది. అప్పుడు అధికారంలో ఉన్నది జస్టిస్ పార్టీ. అదే ఏడాది బొంబాయి, 1925లో బెంగాల్ ఇదే దారి పట్టాయి. అందరికంటే ముందు 1893లో ఆడవాళ్లకు ఓటిచ్చిన దేశం న్యూజిలాండ్. అమెరికాలో ఆ హక్కు దేశమంతటికీ రాజ్యాంగ సవరణగా వచ్చింది 1920లో. ఫ్రాన్సులో 1944 దాకా రాలేదు. స్విట్జర్లాండు స్త్రీలు జాతీయ ఎన్నికల ఓటు కోసం 1971 వరకు ఆగారు. తేదీలు చూస్తే మద్రాసు వెనకబడలేదు.

కానీ తేదీ ఒక్కటే చూసి సంబరపడితే లెక్క తప్పుతుంది. తీర్మానం తీసేసింది ఆడ, మగ తేడాను మాత్రమే, ఆస్తి నిబంధనను కాదు. 1920లో మద్రాసు రాజధాని జనాభా నాలుగు కోట్ల పైచిలుకు, ఓటర్లు సుమారు పన్నెండున్నర లక్షలు. పల్లెల్లో ఓటుకు ఆధారం భూమి, అంటే పట్టా ఎవరి పేరున ఉందన్నది. ఉమ్మడి కుటుంబంలో అది తాత పేరునో, తండ్రి పేరునో ఉండేది. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెక్క తన పేరున ఉన్న కోడలో, భర్త పోయాక భూమి తన పేరుకు మారిన వితంతువో ఉంటే ఆమె ఓటరు. పక్కింట్లో పదెకరాల ఆసామి భార్య కాదు. పొలంలో కలుపు తీసే కూలీ స్త్రీ మాటే లేదు, ఆమె భర్తకూ ఓటు లేదు. 1923 ఎన్నికల్లో మద్రాసు స్త్రీలు తొలిసారి శాసన మండలికి ఓటు వేశారు. ఆ దశకంలో దేశం మొత్తం మీద ఇరవైమంది మగ ఓటర్లకు ఒక స్త్రీ ఓటరు ఉండేదని అంచనా.

ఓటు వేసే హక్కు వేరు, పోటీ చేసే హక్కు వేరు. రెండోది 1926లో వచ్చింది. ఆ ఏడాది మంగళూరు ప్రాంతం నుంచి కమలాదేవి చట్టోపాధ్యాయ పోటీ చేసి కొద్ది ఓట్లతో ఓడిపోయారు. మద్రాసు శాసన మండలిలో తొలి మహిళా సభ్యురాలు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ఎన్నికై రాలేదు, 1927లో ప్రభుత్వం ఆమెను నామినేట్ చేసింది.  సభ మాత్రం ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఆడపిల్లలను గుళ్లకు దేవదాసీలుగా అంకితం చేసే ఆచారాన్ని ఆపడానికి ఆమె సభలో పోరాడారు. దాన్ని పూర్తిగా నిషేధించే చట్టం 1947లో వచ్చింది. 1930లో గాంధీ అరెస్టుకు నిరసనగా ఆమె పదవి వదిలేశారు.

తర్వాతి ఘట్టంలో సేలం జిల్లా నేరుగా కనిపిస్తుంది. కుమారమంగళం జమీందారు డాక్టర్ పి. సుబ్బరాయన్ 1926 నుంచి 1930 దాకా మద్రాసు ముఖ్యమంత్రి. ఆయన భార్య రాధాబాయి సుబ్బరాయన్ మంగళూరు సంఘ సంస్కర్త కుద్ముల్ రంగారావు కూతురు. 1930లో లండన్‌లో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి పిలుపు అందుకున్న ఇద్దరు భారతీయ మహిళల్లో ఆమె ఒకరు, రెండోవారు బేగం జహానారా షా నవాజ్. 1932లో ఓటు అర్హతలు పరిశీలించిన లోథియన్ కమిటీలోనూ రాధాబాయి సభ్యురాలు.

అప్పుడు మహిళల్లోనే రెండు వాదాలు నడిచాయి. పెద్ద మహిళా సంఘాలు వయోజనులందరికీ ఓటు కోరాయి. భార్య అనే హోదాతో ఇచ్చే ఓటు వద్దన్నాయి, మహిళలకు ప్రత్యేక స్థానాలూ వద్దన్నాయి. 1933లో ముత్తులక్ష్మి రెడ్డి, రాజకుమారి అమృత్ కౌర్, షరీఫా హమీద్ అలీ లండన్‌లో ఇదే వినిపించారు. కొంతకాలమైనా ప్రత్యేక స్థానాలు లేకపోతే చట్టసభలకు ఆడవాళ్లు రానే రారని రాధాబాయి వాదన. ఆనాడు సంఘాల మాటకే ఎక్కువ గౌరవం దక్కింది. సూత్రంగా అది గట్టి మాట, కానీ ఆ తర్వాత జరిగింది చూస్తే రాధాబాయి లెక్క తప్పని అనడం కష్టం.

1935 చట్టం మధ్యేమార్గం పట్టింది. ఆస్తి ఉన్న స్త్రీకే కాక, నిర్ణీత ఆస్తి అర్హత ఉన్నవారి భార్యకు, వితంతువుకు, చదవడం రాయడం వచ్చిన స్త్రీకి, చనిపోయిన సైనికుడి పింఛను అందుకునే భార్యకు లేదా తల్లికి ఓటు దక్కింది. దేశంలో దాదాపు అరవై లక్షల మంది స్త్రీలు ఓటర్లయ్యారు. ఐదుగురు మగ ఓటర్లకు ఒక స్త్రీ అన్న నిష్పత్తికి కాస్త అటూ ఇటూ. అయితే ఆసామి భార్యకు ఓటు వచ్చింది ఆసామి వల్ల, ఆమె వల్ల కాదు.

ఆ చట్టం మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో ఎనిమిదింటిని మహిళలకు కేటాయించింది. 1937 ఎన్నికల తర్వాత అప్పటి సేలం జిల్లా హోసూరు తాలూకా తొరపల్లిలో పుట్టిన రాజాజీ మద్రాసు ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు, సభాపతి కాకినాడకు చెందిన బులుసు సాంబమూర్తి. ఉపసభాపతి స్థానంలో ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి కూర్చున్నారు. ఆమె ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి భార్య, 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినవారు. 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో ఆమె ప్రజారోగ్య మంత్రి. మద్రాసు రాజధానిలో మంత్రి అయిన మహిళ ఆమె ఒక్కరే.

రాజ్యాంగ సభలో మహిళలు పదిహేనుమంది, అందులో మద్రాసు నుంచి వెళ్లిన దుర్గాబాయి ఒకరు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 326వ అధికరణంతో ఇరవై ఒక్క ఏళ్లు నిండిన పౌరులందరికీ ఓటు ఇచ్చింది. 1989లో ఆ వయసు పద్దెనిమిదికి తగ్గింది.

అయినా పేరు సమస్య తీరలేదు. తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు రాసేటప్పుడు ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది స్త్రీలు పరాయి మగవాడికి పేరు చెప్పడానికి ఇష్టపడలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్నారు. పేరు లేని నమోదు చెల్లదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ తేల్చి చెప్పారు. సుమారు ఎనిమిది కోట్ల మహిళా ఓటర్లలో 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేశారు. కఠినమైన నిర్ణయమే, కానీ మళ్లీ ఎన్నికల నాటికి స్త్రీలు సొంత పేర్లతో జాబితాకెక్కడానికి అది పనికొచ్చింది. చదువు రానివారి కోసం ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఓటరు తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేసి వస్తే చాలు. తెలంగాణ స్త్రీలకు సార్వత్రిక ఓటు చేతికి వచ్చింది ఈ ఎన్నికల్లోనే.

కడలి దాటిన తెలుగువారికి ఈ హక్కు ఒక్కోచోట ఒక్కోలా అందింది. మారిషస్‌లో 1947 రాజ్యాంగం సులభమైన వాక్యాలు చదవడం, రాయడం వచ్చిన వయోజనులకు ఓటిచ్చింది. అందుకు ఒప్పుకున్న భాషల్లో తెలుగూ ఉంది. ఫిజీలో స్త్రీలకు 1963లో వచ్చింది. దక్షిణాఫ్రికాలో 1930లో తెల్లజాతి స్త్రీలకు మాత్రమే ఇచ్చారు, నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల మనవరాళ్లు అందరితో సమానంగా ఓటు వేసింది 1994లో.

ఇక చట్టసభల్లో స్థానాల మాట. రాధాబాయి వాదన అరవై ఏళ్ల తర్వాత పంచాయతీల ద్వారా తిరిగి వచ్చింది. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు ఇచ్చింది, తమిళనాడు 2016లో దాన్ని సగానికి పెంచింది. లోక్‌సభ, శాసనసభల్లో మూడో వంతు ఇచ్చే 106వ సవరణ 2023లో ఆమోదం పొందింది. దాని అమలును జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు.

పోలింగులో ధర్మపురి ముందుంటుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 81.2 శాతంతో తమిళనాడులో మొదటి స్థానం ఈ నియోజకవర్గానిదే. కానీ 2011 జనగణనలో రాష్ట్రంలో వెయ్యిమంది మగవారికి 996 మంది స్త్రీలు ఉంటే, ధర్మపురి జిల్లాలో 946 మందే. పుట్టిన ఆడబిడ్డలను వదిలించుకునే దారుణం ఒకప్పుడు ఈ ప్రాంతానికి చెడ్డపేరు తెచ్చింది. 1992లో సేలంలో మొదలైన తొట్టిల్ కుళందై పథకం, అంటే ఊయల బిడ్డల పథకం, 2001లో ధర్మపురికీ వచ్చింది. ఓటర్ల జాబితాలో ఆడపేర్ల కొరత పుట్టుక దగ్గరే మొదలైతే దాన్ని ఎన్నికల చట్టం పూడ్చలేదు.

చెట్టికరై నుంచి చదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్లినా, అక్కడి పౌరసత్వం తీసుకోని అమ్మాయికి ఇక్కడి ఓటు పోదు. 2011 నుంచి ప్రవాస భారతీయులు ఫారం 6ఎ నింపి, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా పరిధిలోని జాబితాలో పేరు చేర్చుకోవచ్చు. ఓటు మాత్రం పోలింగు రోజు అసలు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా ఆ ఊరి కేంద్రానికి వచ్చి వేయాలి. ఓసీఐ కార్డు ఉన్నవారికి ఈ వీలు లేదు.