పాడికి పది గుంటలు

పెద్దపల్లి జిల్లా కాల్వ శ్రీరాంపూర్‌లోనే కాదు, శ్రీరాంసాగర్ నీళ్లు పారే పాత కరీంనగర్ పల్లెల్లో ఎక్కువ పొలాలు వానాకాలం, యాసంగి రెండింటా వరితోనే నిండుతున్నాయి. మద్దతు ధర, కొనుగోలు కేంద్రం ఉన్న పంటను రైతు ఎంచుకోవడంలో తప్పు లేదు. అయితే జొన్న తగ్గిన కొద్దీ కొట్టంలో చొప్ప కరువై, వరిగడ్డే దిక్కయింది. హార్వెస్టర్ కోసిన మళ్లలో అదీ చెల్లాచెదురై, చాలాచోట్ల నిప్పుపాలవుతోంది.

వరిగడ్డి కడుపు నింపుతుందే తప్ప సత్తువనివ్వదు. అందులో మాంసకృత్తులు 3-4 శాతమే; విటమిన్ ‘ఎ’కు మూలమైన కెరోటిన్ దాదాపు శూన్యం. దానిమీదే బతికే బర్రె సకాలంలో ఎదకు రాదు, చూలు నిలవదు, దూడ బలహీనంగా పుడుతుంది. ఆ లోటును దాణాతో పూడ్చబోతే పాల డబ్బులు దాణాకే చాలవు. పాల ఉత్పత్తి ఖర్చులో 60-70 శాతం మేపుదేనన్నది మరవరాదు. కరీంనగర్‌లో ఘనీకృత వీర్య కేంద్రం ఉంది, పాలు కొనే డెయిరీ ఉంది. కానీ మేత లేనిచోట మేలుజాతి దూడ సైతం మామూలు పశువుగానే మిగులుతుంది.

పరిష్కారం రైతు చేతిలోనే ఉంది. నీటి వసతి ఉన్న పది గుంటల్లో హైబ్రిడ్ నేపియర్ నాటి, ఎకరాకు ఏటా 100 టన్నుల చొప్పున తీసినా 25 టన్నులు వస్తుంది. అంటే రోజుకు 68 కిలోలు. రెండు బర్రెలకు సరిపోతుంది. తొలి కోత రెండున్నర నెలలకు, ఆపై 40-45 రోజులకోసారి తీయాలి. ఆలస్యమైతే కాండం ముదురుతుంది; పశువు ఆకు తిని మోళ్లు వదిలేస్తుంది. చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేస్తే వృథా తగ్గుతుంది. గడ్డి మూడు పాళ్లయితే లూసర్న్, అలసంద వంటి పప్పుజాతి మేత ఒక పాలు కలపాలి. జొన్నను మాత్రం పూత దశకు ముందు మేపరాదు. లేత పైరులోని నాము అనే విషం ప్రాణం తీస్తుంది. యాసంగి నీరందని చివరి ఆయకట్టులో వరి కోతకు ముందే పిల్లిపెసర చల్లుకోవచ్చు.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్‌గా 75 శాతం రాయితీపై పంపిణీ మొదలుపెట్టిన రాష్ట్రం మనది. జీవాన్ని ఇచ్చేటప్పుడే దాని మేతనూ లెక్కలో పెట్టాలి. అదునుకు విత్తనం, నేపియర్ కణుపులు, ఊరుమ్మడిగా గడ్డికట్టల యంత్రం అందాలి. భూమి లేని పాడి కుటుంబాలకు పచ్చిమేత అమ్మే రైతునూ ప్రోత్సహించాలి. పశుగ్రాసాన్ని మిగులు నేలకు వదిలేసినన్నాళ్లూ పాడి లాభసాటి కాదు. అదీ పంటేనని రైతు, ప్రభుత్వం ఇద్దరూ ఒప్పుకోవాలి.