అగత్తి విమానము ఎవరికొఱకు?

2024 జనవరిలో ప్రధానమంత్రి లక్షద్వీపములకు వెళ్లిన ఛాయాపటములు పత్రికల కెక్కినది మొదలు, మన కామారెడ్డి పఠనమందిరములలో సైతము "అగత్తికి విమానమున్నదట, టిక్కెట్టెంత?" అను ప్రశ్న వినవచ్చుచున్నది. టిక్కెట్టు వెల చెప్పుటకు పత్రిక యక్కరలేదు. ఆ విమానము దిగు నేల యెట్టిది, అందలి ఆసనముపై మొదటి హక్కెవరిది అను సంగతి మాత్రము చెప్పవలసియున్నది.

అగత్తి పగడపు దీవి. పగడపు పురుగులు తరతరములుగా కట్టిన సున్నపు గూళ్లపై ఇసుక చేరి యేర్పడిన సన్నని నేల. పొడవు ఏడు కిలోమీటర్లకు కొంచెము మించును. వెడల్పు పెక్కుచోట్ల ఒక కిలోమీటరైనను లేదు. 2011 జనాభా లెక్కలనాటికి అచ్చట ఏడున్నర వేలమంది కాపురముండిరి. కొచ్చినుండి సుమారు 459 కిలోమీటర్లు. ఆ దీవి దక్షిణపు కొనను, ఇరుప్రక్కల సముద్రము కనబడుచుండగా, 1988 ఏప్రిలులో వాయుదూత్ వారి చిన్న డోర్నియర్ విమానములతో రాకపోకలు మొదలైనవి. లక్షద్వీపములు 36, జనులుండునవి 10, అందఱికిని విమానాశ్రయ మిదియొక్కటే.

శంషాబాదు పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. అగత్తిది సుమారు 1,200. కాబట్టి పెద్ద జెట్టు విమానముల కచ్చట చోటు లేదు. రెక్కలకు పంకాలు గల ఏ.టీ.ఆర్. వంటివే దిగవలెను. అవియైనను పొట్టి బాటమీద నిండు బరువుతో లేచుట కష్టము గనుక కొన్ని ఆసనములు ఖాళీగా విడువవలసివచ్చును. 2024లో బెంగుళూరునుండి ఇండిగో, గోవానుండి ఫ్లై91 సంస్థలు క్రొత్తగా విమానములు నడుప నారంభించినవి. యాత్రికులు పెరిగిరి, ఆసనములు మాత్రము కొలదిగనే యున్నవి. చిక్కంతయు నిందే యున్నది.

రన్‌వేను పొడిగించిన చాలునని పలువురందురు. ఎచ్చటికి పొడిగింతురు? నేల తీరిపోయినది, మిగిలినది పగడపు దిబ్బయు, దాని మడుగును. ఆ దిబ్బయే కెరటములను విఱుగగొట్టి దీవిని కాపాడుచున్నది. త్రవ్వకపు బురద క్రమ్మిన పగడము బ్రతుకదు. 1998లోను, 2010లోను, 2016లోను సముద్రపు వేడికి అచ్చటి పగడములు తెల్లబారి విస్తారముగా చచ్చినవి. 2024లో మరల నదే యాపద వచ్చినది. త్రాగునీరు సైతము ఉప్పునీటిపై తేలియుండు పలుచని వాననీటి పొరయే. అది చాలకనే 2011లో సముద్రజలమును మంచినీటిగా మార్చు యంత్రాగార మచ్చట నెలకొల్పబడినది. ఇట్టి నేలపై మఱి వేయిమంది అతిథులను దింపుటకు ముందు లెక్క చూడవలదా?

యాత్రికులవలన ద్వీపవాసులకు నాలుగు డబ్బులు చేరునను వాదమును మేము త్రోసిపుచ్చము. చేపలు, కొబ్బరికాయలు తప్ప వేఱు జీవనాధారము స్వల్పమైనచోట అది చిన్న మాట కాదు. కాని ద్వీపవాసికి విమానము విహారము కాదు. ఓడలో కొచ్చి చేరుటకు 14 మొదలు 18 గంటలు పట్టును. వానకాలమున కడలి పొంగినచో ఆ దారియు నిలిచిపోవును. ప్రాణాపాయమున నున్న రోగిని హెలికాప్టరులో తరలింతురు. పరీక్షకు పోవు విద్యార్థికి, నెలకొకమాఱు వైద్యుని చూడవలసిన వృద్ధునకు హెలికాప్టరు రాదు.

ఈ మాట మనవారికి విడమరచి చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టు చివర కురిసిన కుంభవృష్టికి కామారెడ్డి, భిక్కనూరు ప్రాంతమున రైలుకట్ట కొట్టుకొనిపోయి బండ్లు నిలిచినవి, రోడ్లు తెగినవి. రైలు నెఱుగని యెల్లారెడ్డివారికి ఉన్న దారియు లేకపోయినపుడు, ఆసుపత్రి యెంత దూరమో ఆ దినములలో బోధపడినది. అగత్తివాని కది యేటేట వచ్చు ఋతువు.

విమానయానమును లాభనష్టములకే విడువరాదని ప్రభుత్వమే ఉడాన్ పథకమున నంగీకరించినది. 2017 ఏప్రిలు 27న హైదరాబాదునుండి కడపకు, నాందేడుకు విమానములు నడచుట ఆ పథకము చలువయే. నష్టమును ప్రభుత్వము కొంత భరించును. కొన్ని ఆసనముల వెలకు హద్దు కట్టును. ఆ విమానములు నడపిన ట్రూజెట్ సంస్థ 2022లో మూతపడినదనుట వేఱు కథ; సహాయధనముపై మాత్రమే నిలిచిన సేవ యెంత పెళుసో దానివలన తెలియుచున్నది. కాని వెలకు కట్టిన హద్దువలన చోటు దొరకదు. ఆసనము ముందుగా కొన్న విహారికే పోవును.

కావున ప్రతి అగత్తి విమానమున ద్వీపవాసులకై కొన్ని ఆసనములు, బయలుదేరుటకు ముందురోజువఱకు ఇతరుల కమ్మకుండ నిలుపవలెనని మేము కోరుచున్నాము. అమ్ముడుపోక మిగిలినవాని నష్టమును కేంద్రప్రభుత్వము భరించుగాక. లక్షద్వీపములు కేంద్రపాలిత ప్రాంతమైనది 1956 నవంబరు 1న. మన తెలంగాణ ఆంధ్రతో చేరినదియు నాడే. ఒక్కనాడు గీయబడిన పటమున దూరపు మూలనున్నవాని ప్రయాణమునకు మన పన్నులో వీసమెత్తు వ్యయమైనచో కామారెడ్డివాడు గొణుగడని మా నమ్మకము.

మనవారు వెళ్లదలచినచో వెళ్లుడు. 1967 నాటి నియమముల ప్రకారము బయటివారికి అనుమతిపత్రము కావలెను. దానిని తొందరగా నిప్పింతుమను దళారులను నమ్మకుడు. పగడపు ముక్క యొక్కటియైనను సంచిలో వేసికొనకుడు.

రన్‌వే మాటకు వచ్చినచో, పొడిగింపునకు టెండరు పిలుచుటకు మున్నే, ఎంత దిబ్బ పోవును, బురద యెటు పాఱును, ఎన్ని ఆసనములు పెరుగును, వానిలో నెన్ని ద్వీపవాసులకు దక్కును అను లెక్కను మలయాళమున వ్రాసి అగత్తి ప్రజల యెదుట నుంచవలెను.