ఆడటం కాదు.. తప్పు పట్టడం!

రోజంతా గేమ్స్ ఆడితే జీతమిస్తారని గేమ్ టెస్టర్ ఉద్యోగం వెతుకుతున్నారా? కాస్త ఆగండి. అక్కడ మీరు గెలవక్కర్లేదు. క్యారెక్టర్‌ను ఒకే గోడకు వందసార్లు గుద్దించి, ఏ మూలన గోడలోకి దూరిపోతోందో చూడాలి. మధ్యలో కాల్ వస్తే, నెట్ పోతే ఏమవుతుందో చూడాలి. కొత్త బిల్డ్ వస్తే మళ్లీ మొదటికే. ఇష్టమైన ఆట మీదా విసుగు పుడుతుంది, అబద్ధమెందుకు!

అలాగని చిన్న పనేం కాదు. 2020 డిసెంబరులో విడుదలైన సైబర్‌పంక్ 2077ను బగ్‌ల గొడవతో సోనీ కొద్దిరోజులకే ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేసింది.

నా మాట వింటే, రెజ్యూమెలో 'ప్యాషనేట్ గేమర్' అన్న ముక్క కొట్టేయండి. అందరూ రాసేదే. మీ ఫోన్లోని గేమ్‌లో మూడు బగ్‌లు పట్టండి. ఏ ఫోన్, ఏ వెర్షన్, ఏం చేస్తే వస్తోంది, రావాల్సిందేంటి, వచ్చిందేంటి.. అన్నీ వరసగా రాసి, వీడియో జతచేయండి. అది చదివి డెవలపర్ అదే బగ్‌ను మళ్లీ రప్పించగలగాలి. ఇంటర్వ్యూలో చూపించాల్సింది ఆ కాగితమే.

హైదరాబాద్‌లో స్టూడియో ఉన్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి సంస్థల కెరీర్స్ పేజీల్లో 'క్యూఏ టెస్టర్', 'క్వాలిటీ అనలిస్ట్' అనే పేర్లతోనూ వెతకండి. ఇంట్లో కూర్చుని ఆడే ఉద్యోగమిస్తాం, ముందు డిపాజిట్ కట్టమనే వాళ్లకు మాత్రం రూపాయి కూడా ఇవ్వొద్దు.